స్కాట్లాండ్ పాత రాతల్లో కనిపించే 'టాక్స్‌మన్' అంటే పన్నులవాడా?

స్కై దీవిలో ఒక పాత సమాధి రాయి మీద ఒకాయన పేరు, దాని పక్కన ఫలానా ఊరి 'టాక్స్‌మన్' అని చెక్కి ఉంది, ఆయన పన్నులు వసూలు చేసేవాడా అని అడిగారు కదా. కాదండీ. స్పెల్లింగ్ మళ్లీ చూడండి, అందులో ఎక్స్ ఉండదు, టీ-ఏ-సీ-కే అని ఉంటుంది. స్కాట్స్ భాషలో 'టాక్' అంటే కౌలు, కౌలు కాగితం. 'తీసుకోవడం' అనే మాటలోంచే పుట్టింది, మనం "ఈ ఏడు ఆ చేను వాడు కౌలుకి పట్టాడు" అంటామే, అలాంటిదే. టాక్ పట్టినవాడు టాక్స్‌మన్, అతను కట్టే కౌలు సొమ్ము 'టాక్ డ్యూటీ'.

మీరు పడిన పొరపాటులోనే నేనూ పడ్డాను. స్కాట్లాండ్‌లోని ఇన్వర్నెస్ ఊళ్లో ఉద్యోగం చేసిన రోజుల్లో శనివారాలు ఏమీ తోచక, ఒక పాత చర్చి ఆవరణలో అరిగిపోతున్న సమాధి రాళ్ల మీద రాతలు చదివి రిజిస్టర్‌లో ఎక్కించే గుంపుతో తిరిగేవాణ్ణి. ఒక రాయి మీద ఈ మాట చూసి, చెక్కినవాడికి స్పెల్లింగ్ రాలేదేమో అనుకుని 'పన్ను అధికారి' అని దర్జాగా రాసేశాను. మాతో ఉండే ఒక పెద్దావిడ అది చూసి నవ్వి, "ఈయన వసూలు చేసేవాడే గానీ ప్రభుత్వానికి కాదు, ముందు తన కడుపుకి" అంది. ఆ మాట పట్టుకుని తర్వాత చాలానే చదివాను.

ఇప్పుడు అసలు చిక్కు. డిక్షనరీ చూసి దీన్ని 'కౌలు రైతు' అని తెలుగు చేస్తే మాటకి మాట సరిపోతుంది, మనిషి మాత్రం మారిపోతాడు. మా ఊళ్లో కౌలు రైతు అంటే సొంత భూమి లేక, ఎకరానికి ఇన్ని బస్తాలని మక్తాకి ఒప్పుకుని, తుఫానుకి పంట పోయినా ఎలాగోలా తెచ్చి ఇచ్చుకునే మనిషి. హైలాండ్స్‌లో, అంటే స్కాట్లాండ్ ఉత్తరాది కొండ ప్రాంతంలో, టాక్స్‌మన్ అలా కాదు. ఎక్కువగా వాళ్ల తెగ పెద్దకి తమ్ముడో, పినతండ్రి కొడుకో అయ్యుండేవాడు. ఊరంత భూమిని తక్కువ కౌలుకి, ఒక్కోసారి తరాల తరబడి పట్టుకుని, మంచి భాగం తను ఉంచుకుని మిగతాది చిన్న రైతులకి మారు కౌలుకిచ్చేవాడు. వాళ్లు డబ్బు, వెన్న, కోళ్లు, ఇవి కాక అతని పొలంలో ఇన్ని రోజుల పని కూడా ఇచ్చుకోవాలి. పైకి కట్టేదానికీ కింద వసూలయ్యేదానికీ ఉన్న తేడాయే అతని బతుకు. యుద్ధమొస్తే ఆ రైతుల్నే వెంటబెట్టుకుని అధికారిగా నడిచేది కూడా ఇతనే. అందుకే నన్నడిగితే 'ఇజారాదారు' (పైవాడికి ఇంత అని కట్టి, కింద వసూలు చేసుకునేవాడు) అన్నదే దగ్గర మాట, అందులోనూ రాజుగారి చుట్టం వరసైన ఇజారాదారు.

1773లో ఆ దీవులు తిరిగిన, ఇంగ్లిష్ డిక్షనరీ రాసిన డాక్టర్ శామ్యూల్ జాన్సన్ అక్కడ భూస్వామి తర్వాతి హోదా టాక్స్‌మన్‌దే అని రాశాడు. వీళ్లని తీసేయాలన్న వాదన అప్పటికే గట్టిగా ఉంది, ఆయనకి అది నచ్చలేదు, వీళ్లు పోతే ఆ కొండల్లో చదువూ మర్యాదా చెప్పేవాళ్లెవరని ఆయన బాధ. (కింద పనిచేసే రైతుని అడిగితే వేరే సమాధానం వచ్చేదేమో లెండి.) ఆ ప్రయాణంలోనే ఆయన స్కైలో ఫ్లోరా మెక్‌డొనాల్డ్ (యుద్ధంలో ఓడి పారిపోతున్న స్టువర్ట్ యువరాజు చార్లెస్‌ని తప్పించి పేరు తెచ్చుకున్నావిడ) ఇంట్లో బస చేశాడు. ఆవిడ భర్త ఆలన్ కింగ్స్‌బరో అనే భూమికి టాక్స్‌మన్, జనం ఆయన్ని పేరుతో కాకుండా 'కింగ్స్‌బరో' అనే పిలిచేవారు, మనం 'భీమవరం ఆయన' అన్నట్టు. మీ రాయి మీద పేరు పక్కన ఊరి పేరు ఉండటానికి కారణం ఇదే, అది చిరునామా కాదు, హోదా.

మరుసటేడు, 1774లో, ఆ దంపతులు నార్త్ కరోలినాకి వలస పోయారు. ఆ రోజుల్లో అలా పోయిన టాక్స్‌మన్లు చాలామంది, కొందరు తమ కింది రైతుల్నీ తీసుకుపోయారు. అంతకుముందే 1737లో పెద్ద భూస్వామి అయిన ఆర్గైల్ డ్యూక్ తన దీవుల్లో మధ్యవాడు లేకుండా నేరుగా రైతులకే కౌలుకిచ్చే పద్ధతి మొదలుపెట్టాడు, స్టువర్ట్ రాజవంశం కోసం తిరగబడ్డ తెగలు 1746లో కలోడెన్ యుద్ధంలో ఓడిన తర్వాత తెగ పెద్దలకి సైన్యం అవసరమే లేకుండా పోయింది, ఇక చుట్టానికి చవగ్గా ఇచ్చి పోషించడం దేనికి, కౌలు పెంచేశారు.

ఇక్కడొక జాగ్రత్త: రాయి మీద ఏడాది చూడండి. 1800 దాటాక హైలాండ్స్‌లో అదే మాట పెద్ద గొర్రెల ఫారం కౌలుకి పట్టినవాడికి అంటుకుంది. ఉత్తరాన సదర్‌లాండ్ జిల్లాలో రైతుల్ని వెళ్లగొడుతూ ఇళ్లు తగలబెట్టించి చావులకి కారణమయ్యాడని 1816లో ఇన్వర్నెస్‌లో విచారణ ఎదుర్కొని, నిర్దోషిగా బయటపడ్డ పాట్రిక్ సెల్లార్ ఆ రకం. చుట్టరికం లేదు, కత్తి లేదు, వ్యాపారమే.

పన్నుల సంగతి పూర్తిగా తప్పు అని కూడా అనలేను. స్కాట్లాండ్‌లో భూమే కాదు, సాల్మన్ చేపల వేట, మిల్లు, బొగ్గు గని, రేవు సుంకం కూడా టాక్‌కి ఇచ్చేవారు. సుంకం టాక్స్‌మన్ అంటే మన సంతలో ఆశీలు పాట పాడుకున్న పాటదారు లాంటివాడు, ఏడాదికింత అని కట్టేసి, ఆపైన వచ్చింది జేబులో వేసుకుంటాడు. అన్నట్టు కౌలు సొమ్ముకి వాళ్లకి 'మెయిల్' అనే ఇంకో మాట కూడా ఉంది, పశువుల దొంగలు మీ మంద జోలికి రామని చెప్పి పిండుకునే సొమ్ము 'బ్లాక్‌మెయిల్'. ఇప్పుడు మనం వాడే మాట అదే.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యమేసింది 1449 నాటి చట్టం. భూమి ఇంకొకరికి అమ్మేసినా, టాక్ ఉన్న రైతుని గడువు తీరేదాకా అదే కౌలు మీద ఉండనివ్వాలని, దున్నుకునే పేదవాళ్ల రక్షణ కోసమని అందులోనే చెప్పి మరీ రాశారు. ఇప్పటికీ అమల్లో ఉంది. మా నాన్న మా రెండెకరాలు కౌలుకిచ్చేటప్పుడు కాగితం ముక్క కూడా రాయరు, రాస్తే హక్కులొచ్చేస్తాయని టెన్షన్, అంతా నోటిమాటే. ఫోన్‌లో ఆయనకి ఈ చట్టం గురించి చెబితే కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అయితే అక్కడ ఎవరూ కౌలుకి ఇవ్వర్రా?" అని అడిగారు.