బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక ఏఓఎల్ లాంటి డయలప్ కంపెనీలు ఏమయ్యాయి?

చిన్నగా చెప్పాలంటే, నెట్ కనెక్షన్ అమ్మడం తగ్గించి ప్రకటనల మీద బతకడం మొదలుపెట్టాయి. అమెరికాలోని ఏఓఎల్ కథ చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

డయలప్ రోజుల్లో ఫోన్ లైనూ నెట్టూ ఒకటే. మోడెమ్ కీచుమంటూ నంబరు కలిపేది, నెట్ వాడుతున్నంతసేపూ ఇంటికి ఫోన్ చేసినవాళ్లకు ఎంగేజ్ టోనే. 1996 చివర్లో ఏఓఎల్ నెలకు 19.95 డాలర్లకు ఎంతసేపైనా వాడుకోమంది. జనం ఎగబడేసరికి దాని సొంత నంబర్లే బిజీ అయిపోయాయి!

ఆ తర్వాత కేబుల్ టీవీ తీగ మీద వచ్చే నెట్, ఫోన్ తీగ మీదే వేగంగా వచ్చే డీఎస్ఎల్ నెట్ వచ్చాయి. ఆ తీగలు కేబుల్, ఫోన్ కంపెనీల చేతుల్లో ఉన్నాయి. ఏఓఎల్‌కు అసలు దెబ్బ అక్కడే తగిలింది. అందుకే కనెక్షన్ ఎవరి దగ్గరైనా తీసుకోండి, మా మెయిల్, చాట్ మాత్రం తక్కువ రుసుముకు వాడుకోండి అని వేరే ప్లాన్ పెట్టింది. కానీ అలాంటివి బయట ఉచితంగా దొరుకుతుంటే డబ్బెందుకు కడతారు? చివరికి 2006లో బ్రాడ్‌బ్యాండ్ వాడేవాళ్లకు మెయిల్‌తో సహా ఉచితం చేసి, ప్రకటనల ఆదాయాన్ని నమ్ముకుంది. నన్నడిగితే ఆ పని ఇంకా ముందే చేయాల్సింది. నెలనెలా వచ్చే చందా డబ్బు వదులుకోవడం ఏ కంపెనీకైనా కష్టమే, నిజమే. కానీ ఆ ఆలస్యంలో లక్షలమంది చేజారిపోయారు.

డయలప్ సేవను మాత్రం 2025 సెప్టెంబరు దాకా నడిపింది.