అమ్మాయి షెఫ్ చదువుకు స్థలం అమ్మాలా?

ప్రశ్న: మాది ఆమదాలవలస. శ్రీకాకుళం రోడ్ స్టేషను సమీపంలో టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. ఇంటర్ పూర్తిచేసిన మా అమ్మాయి షెఫ్ అవుతానంటోంది. హైదరాబాదులోని ఒక ప్రైవేటు కళాశాలవారు మూడేళ్ల డిగ్రీకి హాస్టలు కాక 9 లక్షలు అవుతుందని, వారంలోగా 50,000 కట్టి సీటు ఖాయం చేసుకోమని అంటున్నారు. బ్యాంకులో 3 లక్షల డిపాజిట్టు, ఊళ్లో 20 సెంట్ల స్థలం ఉన్నాయి. స్థలం అమ్మమంటారా, తాకట్టు పెట్టమంటారా?

జవాబు: రెండూ వద్దు. మీ అమ్మాయి ఎంచుకున్న వృత్తి మంచిదే. పొయ్యి దగ్గర జీవితం గడిపిన తండ్రికి ఆ మాట నేను చెప్పనవసరం లేదు. అయితే ఈ చదువుకు ఎంత అప్పు చేయవచ్చన్నది మీ స్థలం విలువను బట్టి కాక, చదువు ముగిశాక ఆమెకు వచ్చే మొదటి జీతాన్ని బట్టి తేల్చుకోవాలి.

పెద్ద హోటళ్ల వంటశాలలో డిగ్రీ ఉన్నవారు కూడా చాలావరకు కామీ (అందరికన్నా కింది వంటవాడు) స్థాయిలోనే మొదలుపెట్టి, డెమీ షెఫ్, షెఫ్ ద పార్టీ, సూ షెఫ్ అంటూ ఒక్కొక్క మెట్టే ఎక్కుతారు. డ్యూటీలో భోజనం ఉంటుంది, కొన్నిచోట్ల వసతి కూడా ఇస్తారు గానీ, తొలి రెండు మూడేళ్ల జీతం చిన్నదే. నెలకు 15,000 వస్తుందనుకుందాం. ఏటా 2.5 లక్షల చొప్పున 7.5 లక్షల విద్యారుణం 10.5 శాతం వడ్డీకి తీసుకుంటే, చదివే మూడేళ్లూ ఆపై గడువుగా ఇచ్చే ఏడాదీ కలిపి సాధారణ వడ్డీయే సుమారు 2.36 లక్షలు చేరుతుంది. ఆ మొత్తాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 13,300 కట్టాలి. జీతమంతా బ్యాంకుకే పోతే, పరాయి ఊళ్లో ఆ పిల్ల ఎలా బతుకుతుంది? అదే 4 లక్షల రుణమైతే వాయిదా సుమారు 7,100. చదివే కాలంలోనూ, ఆపై గడువు ఏడాదిలోనూ వడ్డీని మీరు నెలనెలా కట్టగలిగితే (మొదటి ఏడాది 1,200 లోపే, చివరికి 3,500 దాకా వస్తుంది) ఆమె మీద పడే వాయిదా 5,400కు తగ్గుతుంది. నా లెక్కలో మీ కుటుంబానికి హద్దు ఆ 4 లక్షలే.

ఆ హద్దులో చదవడానికి దారి ఉంది. హైదరాబాదులోని హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూటు వంటి ప్రభుత్వ సంస్థలలో మూడేళ్ల బీఎస్సీకి ఎన్‌సీహెచ్ఎం జేఈఈ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా ప్రవేశం లభిస్తుంది. ఇంటర్‌లో ఇంగ్లిషు ఒక సబ్జెక్టుగా ఉండాలి. తిరుపతిలో కేంద్ర పర్యాటక శాఖకు చెందిన ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూటు కేవలం పాకశాస్త్రానికే ఉద్దేశించినది. ఈ ఏడాది పరీక్ష దాటిపోయి ఉంటే, ఒక సంవత్సరం ఆగడం వల్ల నష్టం లేదని నా గట్టి అభిప్రాయం. ఆ వ్యవధిలో విశాఖపట్నంలోని ఏదైనా హోటల్ వంటశాలలో కొన్ని నెలలు పనిచేస్తే, రోజుకు పదేసి గంటలు నిలబడి చేసే ఈ పని తనకు నప్పుతుందో లేదో లక్షలు ఖర్చుపెట్టకముందే ఆమెకే తెలుస్తుంది.

ఇక తాకట్టు సంగతి. గుర్తింపు ఉన్న కోర్సుకు 4 లక్షల వరకు విద్యారుణానికి ఆస్తి హామీ గానీ, మీ వాటా సొమ్ము గానీ సాధారణంగా అవసరం లేదు, 7.5 లక్షల వరకు రుణానికి బ్యాంకుకు కేంద్రమే హామీగా నిలిచే పథకం ఉంది. కుటుంబ వార్షికాదాయం 4.5 లక్షల లోపు ఉంటే చదువు కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం కూడా ఉంది. అది అన్ని కళాశాలలకూ వర్తించదు కనుక, తహసీల్దారు కార్యాలయంలో ఆదాయ ధ్రువపత్రం తీసుకొని బ్యాంకులో విచారించండి.

డిపాజిట్టులో 2 లక్షలు హాస్టలుకు, కత్తుల సెట్టుకు, షెఫ్ కోట్లకు, బూట్లకు, పారిశ్రామిక శిక్షణకు వేరే నగరం వెళ్లినప్పటి గది అద్దెకు కేటాయించండి. చాలామంది తల్లిదండ్రులు ఈ చివరి ఖర్చును లెక్కలోకి తీసుకోరు. శిక్షణలో ఇచ్చే భత్యం దానికి చాలకపోవచ్చు. మిగిలిన లక్షను కదపవద్దు. మీకు జబ్బు చేసి హోటల్ పది రోజులు మూతపడితే ఇల్లు గడిచేది దానితోనే.

ఓడలో ఉద్యోగం ఇప్పిస్తామని కళాశాల గానీ ఏజెంటు గానీ విడిగా డబ్బు అడిగితే ఇవ్వకండి. కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగం (డీజీ షిప్పింగ్) లైసెన్సు పొందిన నియామక సంస్థలు ఓడ సిబ్బంది నుంచి ఉద్యోగానికి రుసుము తీసుకోవడం నిషిద్ధం.

ఆ 50,000 మాత్రం ఈ వారం కట్టవద్దు. డిగ్రీ ఏ విశ్వవిద్యాలయం ఇస్తుందో, గత ఏడాది ఎంతమంది ఏ హోదాలో ఏ జీతానికి చేరారో, సీటు వదులుకుంటే ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద రాసి ఇమ్మనండి. ఆ కాగితంతో మీ బ్యాంకు మేనేజరును కలిసి, తాకట్టు లేకుండా ఆ కోర్సుకు రుణం ఇస్తారో లేదో అడగండి.