గోగు కంపు గురించి రాయబోయే అమ్మాయికి

విజయనగరం,
కార్తీక మాసం.

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ‘నాకిష్టమైన వాసన’ వ్యాసం చదివానమ్మా. తొలకరి మట్టివాసన మీద రెండు పేజీలు, ఎక్కడా అచ్చుతప్పు కూడా లేకుండా రాశావు. అయినా దాన్ని పక్కన పెట్టెయ్. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ ఆ వాసనకు ఒక ముఖ్య కారణం. లక్ష కోట్ల పాళ్లలో కొద్ది పాళ్లున్నా మన ముక్కు దాన్ని పసిగట్టేస్తుంది. పాఠకుడికి అంత బాగా తెలిసిన వాసనకు ‘కమ్మని’, ‘మధురమైన’ అని తగిలిస్తే అతనికి కొత్తగా ముట్టేదేముంది? ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో మట్టిని ఆవిరి పట్టి అత్తరు తీసి సీసాల్లో అమ్ముతున్నారు. ఆ సీసా ఇవ్వలేనిది నీ పేరాలో ఒక్కటైనా ఉండొద్దూ?

ఉంది. రెండో పేజీ చివర ‘కార్తీకంలో అయితే మా చెరువంతా గోగు కంపే’ అని ఒక్క ముక్క రాసి, సిగ్గుపడి తప్పుకున్నావు. అక్కడే ఆగవలసింది. ఇష్టమైన వాసన మంచి వాసనే కావాలని నీకెవరు చెప్పారు?

ఆ కంపు ఒక్కరోజులో పుట్టదు. నార కోసం కోసిన గోగు మొక్కలను మోపులు కట్టి, ఆకు రాలాక చెరువులో పరిచి, పైన బరువు పెట్టి ముంచుతారు. రెండు మూడు వారాలు నానుతుంది. నారను పుల్లకు అంటిపెట్టుకున్న జిగురును నీటిలోని బాక్టీరియా తినేస్తుంది. నీళ్లు నల్లబడతాయి, బుడగలు తేలతాయి, వాసన గట్టెక్కుతుంది. మీ నాన్న ఒక పుల్ల పైకి తీసి, మొదలు దగ్గర బొటనవేలితో నొక్కి లాగి చూస్తాడు. బెరడు జారి చేతిలోకి వచ్చేస్తే ఊరినట్టు, పుల్లను పట్టుకుని పెనుగులాడితే ఇంకా ఆగాలి. ఆ బొటనవేలిని రాయి. ‘దుర్వాసన’ అని రాయనక్కరలేకుండానే పాఠకుడు ముక్కు మూసుకుంటాడు.

ఇంకో సంగతి. ఏ వాసనలోనైనా కాసేపు నిలబడితే ముక్కు దానికి అలవాటుపడిపోతుంది. నడుములోతు నీళ్లలో నార తీస్తున్న మనిషికి ఆ కంపు దాదాపు తెలియదు. హాస్టల్ నుంచి వచ్చి బస్సు దిగిన నీకు తెలుస్తుంది. కాబట్టి రాయడానికి కూర్చునే ముందు ఇది ఎవరి ముక్కు అని తేల్చుకో. పలాసలో జీడిపప్పు కొనుక్కునే ప్రయాణికుడిది ఒక వాసన. గింజ కొట్టి పప్పు తీసే ఆడమనిషిది వేరు, ఆమె వేళ్లను పెంకులోని జీడి నూనె నల్లగా కాలుస్తుంది. చాలామంది కొత్త రచయితలు ప్రయాణికుడి ముక్కుతోనే రాస్తారు. నువ్వు ఆ పని చేయకు, నీకు రెండూ అందుబాటులో ఉన్నాయి.

అదే గోగు ఎన్ని వాసనలుగా మారుతుందో చూడు. లేత ఆకు మీ అమ్మ చేతిలో పులుపు. చెరువులో కుళ్లు. ఉతికి దండెం మీద ఆరేసిన నార ఎండుగడ్డిలా ఉంటుంది. జూట్ మిల్లుకు వెళ్లాక, మెత్తబడడానికి చల్లే నూనె కంపులో అదీ పోతుంది. నాలుగూ రాయాలని చూడకు. ఒకటి పట్టుకో, మిగతావి వాటంతటవే వస్తాయి, రాకపోయినా నష్టం లేదు.

పోలికలు కూడా తగ్గించు. మట్టివాసనకు ఆరు పోలికలు తెచ్చావు, అందులో అమ్మ ఒడి ఒకటి. అమ్మ ఒడిని ఇకనైనా విశ్రాంతి తీసుకోనిద్దాం.

ఎందుకిష్టమో మాత్రం చెప్పకు. నార అమ్మితే నీ ఫీజు కట్టారని నాకు తెలుసు, నువ్వే చెప్పావు. వ్యాసంలో ఆ మాట వస్తే పాఠకుడికి నీ మీద జాలి కలిగి చెరువును మరచిపోతాడు. కాటా దగ్గర నార మోపులు తూచేటప్పుడు నాన్న ఎవరి మొహం వైపు చూశాడో రాయి, చాలు.

ఈ ఆదివారం ఊరికి వెళ్తున్నావుగా. పొద్దున, మిట్టమధ్యాహ్నం, చీకటి పడ్డాక చెరువుగట్టు మీదికి వెళ్లు. గాలి ఎటు తిరిగితే ఎవరి వీధిలో తలుపులు వేసుకుంటారో గుర్తు పెట్టుకో. సబ్బుతో రుద్దినా వాసన ఎక్కడ మిగులుతుందో నాన్ననే అడుగు. ఒక పేజీ మించకుండా పంపు. టైపు చేయనక్కరలేదు, చేతిరాతైనా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు