దాళ్వా నారు పసుపుబారడం: ధ్రువం మీది వేడి కారణమా?

అమలాపురం దగ్గర మీ నారుమడి పసుపుబారిందని, వార్తల్లో చెప్పిన ఆర్కిటిక్ (ఉత్తర ధ్రువ ప్రాంతం) స్ట్రాటోస్ఫియర్ (మబ్బులకు పైనుండే గాలి పొర) వేడి కారణమా అని అడిగారు. అది కాదండి. ఎక్కువ అనుమానం మన రాత్రి చలి మీదే.

1. ఆ వేడి పుట్టేది ధ్రువం పైన, సుమారు 30 కి.మీ. ఎత్తున. దాంతో ధ్రువ సుడిగాలి (ధ్రువం చుట్టూ ఎత్తున తిరిగే చల్లగాలి వలయం) బలహీనపడితే చలి ముఖ్యంగా యూరప్, ఉత్తర అమెరికా, ఉత్తర ఆసియా వైపు దిగుతుంది.

2. అందరూ చూడకుండా వదిలేసేది తేదీల సంగతి. పైన వేడెక్కాక నేల మీద ప్రభావం కనిపించడానికి సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుంది, ఒక్కోసారి అసలు కనిపించదు. వార్త మొన్నటిది, నారు అంతకుముందే పసుపుబారిందన్నారు. లెక్క కుదరదు కదా. నారు పసుపుబారిన రోజులను, ఆకాశం తేటగా ఉండి ఉత్తరపు గాలి వీచిన రాత్రుల కనిష్ఠ ఉష్ణోగ్రతలతో పోల్చండి.

3. టెన్షన్ వద్దు. రాత్రి మడిలో నీరు నిలిపి, పొద్దున్నే ఆ చల్లనీరు తీసేసి కొత్తనీరు పెట్టండి.