ప్రాచీన గ్రీకు క్రీడల్ని పాత పద్ధతిలోనే ఇప్పుడు ఎక్కడైనా జరుపుతున్నారా?

జరుపుతున్నారు, దక్షిణ గ్రీసులోని నెమియాలో. ఒలింపియాలో లాగే అక్కడా ప్రాచీన కాలంలో క్రీడలు జరిగేవి. ఒలింపిక్స్‌కు పేరు పాతదే గానీ, 1896లో ఏథెన్స్‌లో మళ్లీ మొదలైనప్పుడే సైక్లింగ్, టెన్నిస్, షూటింగ్ వచ్చి చేరాయి. మారథాన్ కూడా ప్రాచీన ఒలింపియాలో లేదు. నెమియా వాళ్లు మాత్రం తవ్వకాల్లో బయటపడ్డ రాళ్లను ఆధారం చేసుకున్నారు. నా దృష్టిలో అసలైన పునరుద్ధరణ ఇదే.

అక్కడి స్టేడియాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (బర్కిలీ) ఆచార్యుడు స్టీఫెన్ మిల్లర్ తవ్వించారు. క్రీడాకారులు బట్టలు విప్పుకునే గది, దాన్నుంచి మైదానంలోకి 36 మీటర్ల రాతి సొరంగం, పరుగు మొదలుపెట్టే రాతి గీత దొరికాయి. 1994లో స్థానికులతో కలిసి ఒక సంఘం పెట్టి, 1996 జూన్‌లో మొదటి పోటీలు జరిపారు. 700 మందికి పైగా పరుగెత్తారు.

అన్నిటికన్నా కష్టమైంది హిస్‌ప్లెక్స్, అంటే అందరినీ ఒకేసారి వదిలే యంత్రం. ఏథెన్స్ పురాతత్వవేత్త పానోస్ వలవానిస్‌తో కలిసి మిల్లర్ దాన్ని తిరిగి కట్టించారు. గీతకు రెండు చివరలా గట్టిగా పురిపెట్టిన తాళ్ల కట్ట ఉంటుంది, అందులో ఒక్కో గుంజ దూర్చి నిలబెడతారు. రెండు గుంజల మధ్య, పరుగెత్తేవాళ్ల ముందు, మోకాలి ఎత్తున ఒక తాడు, నడుము ఎత్తున ఇంకో తాడు. వెనక నిలబడ్డ మనిషి పగ్గాలు లాగగానే పట్టు ఊడి, పురి బలానికి గుంజలు ముందుకు పడిపోతాయి, వాటితో తాళ్లూ నేలకు చేరతాయి. రెండువైపులా పురి సమానంగా లేకపోతే ఒక గుంజ ముందు పడి, ఆ పక్కవాళ్లకు దారి ముందే తెరుచుకుంటుంది. ఎవరైనా తొందరపడితే తాళ్లకే తగులుకుంటారు, కాబట్టి తప్పెవరిదో వాదన ఉండదు. నల్ల వస్త్రాల న్యాయనిర్ణేతల చేతిలో బెత్తం ఉంటుంది.

ఆ నలుపు, నెమియా క్రీడలకు మూలమైన పురాణ కథలో పాము కాటుకు చనిపోయిన పసివాడు ఒఫెల్టెస్‌కు సంతాపం. వాణ్ణి పడుకోబెట్టిన అడవి సెలెరీ అనే ఆకు మొక్కే గెలిచినవాళ్లకు కిరీటం. పతకాలు లేవు, రికార్డులు రాయరు.

వయసు, స్త్రీ-పురుష భేదాన్ని బట్టి గుంపులుగా విడదీస్తారు. అర్హత పోటీలు లేవు. తెల్లని ఖిటాన్ (పాత గ్రీకుల వదులు అంగీ) కట్టి, ప్రమాణం చేసి, శిరస్త్రాణంలోంచి చీటీ తీస్తే మీ వరుస ఏదో తేలుతుంది. పరుగు వంద మీటర్ల లోపే. దగ్గర్లోని ప్రాచీన నగరం క్లియోనై నుంచి స్టేడియం దాకా 7.5 కిలోమీటర్ల పరుగు వేరే ఉంది.

వెళ్లాలనుకుంటే రెండు విషయాలు ముందే సాధన చేయండి. మొదటిది, వట్టికాళ్లతో మట్టి మీద పరుగు. రెండోది, నిలబడి మొదలుపెట్టడం: రాతిలోని రెండు గాళ్లలో కాలివేళ్లు ఆనించి, పాదాలు దగ్గరగా పెట్టి, చేతులు ముందుకు చాచాలి. వంగి నేలకు చేతులానించే ఇప్పటి పద్ధతి అక్కడ పనికిరాదు, ఎదురుగా తాళ్లుంటాయి.