మీ వారు అబద్ధమాడటం లేదమ్మా

ప్రశ్న: మాది తిరుపతి. మా వారు కొండ మీదికి ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యారు. కొన్నేళ్లుగా వినికిడి తగ్గింది. అడిగితే, 'నాకు బాగానే వినపడుతోంది, మీరే గొణుగుతున్నారు' అని కసురుకుంటారు. కోడలు తన గురించే ఏదో అంటోందని అనుమానం. అబ్బాయి ఆన్‌లైన్లో తెప్పించిన చవక చెవి మిషను కీచుమంటోందని సొరుగులో పడేశారు. రోజూ గొడవే.

జవాబు: అమ్మా, మీ వారు చెప్పేది ఆయన వరకు నిజమే. వయసు వల్లగానీ, ఏళ్ల తరబడి ఇంజిన్ రొదలో పనిచేయడం వల్లగానీ చెవి దెబ్బతిన్నప్పుడు ముందుగా తగ్గేది సన్నని ధ్వనులు. అచ్చులు వినపడతాయి. స, శ, త లాంటి హల్లులు జారిపోతాయి. గొంతు చేరుతుంది, మాట చేరదు. కోడలిది సన్నని గొంతైతే ఇబ్బంది ఇంకా ఎక్కువ. పాపం, ఆ అమ్మాయి ఏమీ అనకుండానే నిందపడుతోంది. అరిచి చెప్పినా లాభం లేదు. ఇలాంటి చెవులకు పెద్ద శబ్దం బాధగా ఉంటుంది, పైగా ఆయనకు అందేది మీ కోపమే.

సొరుగులోని మిషను అక్కడే ఉండనివ్వండి. ముందు రుయా ఆసుపత్రి చెవి, ముక్కు, గొంతు విభాగంలో చూపించండి. గుబిలి అడ్డమైనా, కర్ణభేరికి చిల్లు పడినా వైద్యం వేరు. అవేవీ కాకపోతే ఆడియోగ్రామ్ తీయించండి. ఏ ధ్వని ఎంత తగ్గిందో ఆ కాగితం మీద గీతలో కనిపిస్తుంది. మీ మాట కొట్టిపారేసే మనిషి ఆ గీతను అంత తేలిగ్గా కొట్టిపారేయలేరు. డిజిటల్ హియరింగ్ ఎయిడ్‌ను దాన్నిబట్టే సరిచేస్తారు. చెవిలో సరిగ్గా ఇమిడితే కీచుమనడం కూడా చాలావరకు తగ్గుతుంది. మొదటి వారాల్లో ఫ్యాను రొద, గిన్నెల చప్పుడు విసుగు తెప్పిస్తాయి. మానేయనివ్వకండి, మళ్లీ తీసుకెళ్లి సరిచేయించండి. చెమటకు పాడవకుండా రాత్రిళ్లు తేమ పీల్చే డబ్బాలో పెట్టాలి. రెండు చెవుల్లోనూ నష్టం 60 డెసిబెల్స్ లేదా అంతకు మించి ఉంటే, దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 వర్తిస్తుంది. సర్టిఫికెట్ గురించి డాక్టరునే అడగండి.

ఈలోగా ఫోనులో 'లైవ్ ట్రాన్‌స్క్రైబ్' అనే యాప్ పెట్టించండి. ఎదుటివారి మాటలు తెలుగు అక్షరాల్లో తెర మీద కనిపిస్తాయి. నలుగురూ ఒకేసారి మాట్లాడితే తడబడుతుంది, ఒక్కరు మాట్లాడితే పనికొస్తుంది.

ఇక అనుమానం సంగతి. మీరంతా నవ్వుకుంటుంటే ఆయన 'ఏమిటి?' అని అడుగుతారు. 'ఏమీ లేదులే' అంటారు కదా? అదే మానేయండి. చిన్న విషయమైనా మళ్లీ చెప్పండి. పరీక్ష మాట మాత్రం అందరి ముందూ ఎత్తకండి. మీరిద్దరే ఉన్నప్పుడు, టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని అడగండి.