కొబ్బరికాయల దొంగను వదిలేస్తే ధర్మం తప్పినట్టా? – సమాధానం

మీ తోటలో దింపు తీసే కుర్రాడే రాత్రిపూట కాయలు దించి అంబాజీపేటలో అమ్మేశాడు, తమ్ముడు కేసు పెట్టాలంటున్నాడు, అమ్మగారు వదిలేయమంటున్నారు. వదిలేస్తే అధర్మమా అనే కదండీ మీ టెన్షన్?

భాగవతంలో అశ్వత్థామను చూడండి. నిద్రపోతున్న ఉపపాండవులను, అంటే ద్రౌపది కొడుకులను చంపినవాడు. భీముడు చంపాల్సిందే అన్నాడు. కడుపుకోత పడ్డ ద్రౌపదే, తనలా ఇంకో తల్లి ఏడవకూడదని విడిచిపెట్టమంది. అలాగని ఊరికే పంపలేదు. అర్జునుడు తల గొరిగి, శిరోమణి తీసుకుని మరీ వెళ్లగొట్టాడు. (తల గొరగడం మాత్రం మీరు చేయకండి, కేసు మీ మీదే పడుతుంది!)

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత (నేరాలకు శిక్షలు చెప్పే చట్టం) కూడా మీ కుర్రాడిలాంటివాడి మీద మెత్తగానే ఉంది. సొత్తు విలువ 5,000 రూపాయల లోపై, మొదటిసారి దోషిగా తేలినవాడు దాన్ని గానీ దాని విలువను గానీ తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవే. మీరు చెప్పిన లెక్క మూడు వేలు దాటలేదు.

కుర్రాణ్ణి, వాళ్ల నాన్నను ఇంటికి పిలవండి. తమ్ముడి ఎదుటే తప్పు ఒప్పుకోనిచ్చి, డబ్బు ఎన్ని వాయిదాల్లో కడతాడో మాట్లాడుకోండి. రచ్చబండకు మాత్రం ఎక్కించొద్దు, అక్కడ కులాలు, పాత తగాదాలు దూరతాయి. మళ్లీ చేస్తే స్టేషన్‌కు వెళ్లండి, అమ్మగారు కూడా కాదనరు.